ఫార్మాటు కొట్టకముందు

మన ఊళ్ళలో కంప్యూటరు వైద్యానికి ఒకటే మందు. వైరసు పట్టినా ఫార్మాటే, యంత్రం నెమ్మదించినా ఫార్మాటే, ప్రింటరు పలక్కపోయినా ఫార్మాటే. "మొత్తం తీసేసి కొత్తగా ఎక్కించేద్దాం సార్, అరగంట పని" అంటాడు కుర్రవాడు, అప్పటికే పెన్‌డ్రైవు చేతిలో పట్టుకుని. అతన్ని తప్పుపట్టలేము. రోజుకు పది యంత్రాలు చూడవలసినవాడికి ఒక్కొక్క దాని పూర్వచరిత్ర వినే తీరిక ఎక్కడిది? పైగా చాలామంది విషయంలో ఆ మందు పనిచేస్తుంది కూడాను. ఫొటోలు వేరేచోట దాచుకుని, మిగిలినదంతా తుడిచిపెట్టి మళ్ళీ మొదలుపెడితే వారికి పోయేదేమీ ఉండదు. నేను చెప్పబోయేది, పోయేది ఉన్నవారి సంగతి.

తెనాలిలో మా బాబాయి ముప్ఫయ్యేళ్ళుగా డీటీపీ పని చేస్తున్నాడు. శుభలేఖలు, కరపత్రాలు, గుడి రసీదు పుస్తకాలు, ఉద్యోగ విరమణ చేసిన మాస్టర్లు సొంత ఖర్చుతో మూడువందల ప్రతులు వేయించుకునే శతకాలు - ఇదీ ఆయన వ్యాపారం. వాడే యంత్రం 2008లో విడిభాగాలు కొని కూర్పించినది. అందులో విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్ 7, ఒక తెలుగు ఫాంట్ల ప్యాకేజీ. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి మైక్రోసాఫ్టు మద్దతు ఆగిపోయిందని నేను చెబితే, "మంచిదే, ఇక దాని జోలికి ఎవరూ రారు" అన్నాడు. ఆ యంత్రానికి ఇంటర్నెట్టు తీగ తగిలించిన పాపాన ఎన్నడూ పోలేదు.

ఆ ఫాంట్ల ప్యాకేజీకి ఒక తాళం ఉంది. వెనుకవైపు, పాతకాలపు ప్రింటర్ల సాకెట్టుకు బిగించే అగ్గిపెట్టెంత డాంగిల్. అది లేనిదే తెలుగు టైపు కాదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఆ సాకెట్టే ఉండదు. ప్యాకేజీ తాలూకు సీడీ బూజుపట్టి చదవబడడం మానేసి ఏళ్ళయింది. కాబట్టి ఆ ఎక్స్‌పీలో నాడు ఎక్కి కూర్చున్నది కూర్చున్నట్టే ఉండాలి. దింపితే మళ్ళీ ఎక్కించే దారి లేదు.

యూనికోడుకు అలవాటుపడిన మనకు ఇదంతా మొండితనంగా తోచవచ్చు. యూనికోడులో తెలుగుకు 0సి00 మొదలు 0సి7ఎఫ్ దాకా 128 గడులు కేటాయించి ఉన్నాయి. ఏ యంత్రం మీద తెరిచినా 'క' అన్నది 'క'గానే ఉంటుంది. పాత డీటీపీ ఫాంట్ల సంగతి అది కాదు. తెర మీద తెలుగులా కనబడేది లోపల ఇంగ్లీషు అక్షరాల, చిహ్నాల గుంపు మాత్రమే. ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం స్థానంలో ఒక్కొక్క తెలుగు ముక్క - ఒక తలకట్టు, ఒక గుడి, ఒక ఒత్తు - బొమ్మగా కూర్చోబెట్టి ఉంటుంది. ఏ ముక్క ఎక్కడ కూర్చోవాలన్నది ఆ ఫాంటు తయారుచేసినవారి ఇష్టం. ఫాంటు తీసేస్తే మిగిలేది పిచ్చిగీతలు. దినపత్రికల సొంత ఫాంట్లలోని పాఠాన్ని ఫైర్‌ఫాక్సులో యూనికోడుగా మార్చి చూపించిన 'పద్మ' పొడిగింత మీలో చాలామందికి జ్ఞాపకముండే ఉంటుంది. అటువంటి మార్పిడి చేయాలన్నా మూలంలో ఏ సంకేతం ఏ ముక్కకు నిలిచిందో ముందు తెలియాలి. అంటే పాత ఫాంటు ఒక్కసారైనా కళ్ళు తెరిచి పాఠాన్ని చూపించాలి.

శుభలేఖలు పోతే పోయాయి. బాబాయి బాధ వేరు. 2003, 2004 సంవత్సరాలలో, పని లేని మధ్యాహ్నాలలో, మా నాయనమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడ పాడుతుంటే టైపు చేసుకున్నాడు. నలుగు పాటలు, బంతులాటలు, అప్పగింతలు, లాలిపాటలు, హారతులు - రెండువందల పైచిలుకు. నోటుపుస్తకంలో రాసుకున్నది లేదు. ఆవిడ గొంతు నుంచి నేరుగా మీటల మీదికే. రికార్డు చేయడం ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాయనమ్మ 2006లో పోయింది. పుస్తకం వేద్దామన్న మాట ఏడాదికోసారి వచ్చేది, ఏడాదికోసారి వాయిదా పడేది. ఆ పాటలు ఆ యంత్రంలోనే ఉన్నాయి. పాత డిస్కు నుంచి 2008లో కొత్తదానికి మారాయి, అక్కడే నిలిచిపోయాయి.

2022 చివరలో ఆ డిస్కు టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది. పద్నాలుగేళ్ళు తిరిగిన డిస్కు. అది అన్నాళ్ళు నిలవడమే దాని మంచితనం. బాబాయి యంత్రాన్ని ఊళ్ళోని ఒక దుకాణానికి పట్టుకెళ్ళాడు. వారు కొత్త ఎస్‌ఎస్‌డీ కొనిపించి, పాత డిస్కులోనిది ఉన్నదున్నట్టు దానిలోకి నకలు తీశారు. ఆ పని చక్కగానే చేశారు. తరువాత నకలు సరిగా వచ్చిందా లేదా చూద్దామని పాతదీ కొత్తదీ రెండూ యంత్రానికి తగిలించి, కొత్తదాని నుంచి విండోస్ మొదలుపెట్టారు. అంతా బాగానే నడిచింది. సంతోషించి పాత డిస్కు ఊడదీశారు. ఇక అక్కడి నుంచి లోపలికి పోనివ్వలేదు. పేరు నొక్కగానే 'మీ సెట్టింగులు తెస్తున్నాను' అనడం, మరుక్షణమే 'దాస్తున్నాను' అని బయటికి పంపించివేయడం. పాత డిస్కును మళ్ళీ తగిలించబోతే అది కాస్తా శాశ్వతంగా కన్నుమూసింది. అప్పుడు పలికారు ఆ మంత్రం.

"వాళ్ళు ఫార్మాట్ కొడతామంటున్నార్రా. నువ్వొచ్చి చూసేదాకా ముట్టుకోవద్దన్నాను" అని బాబాయి ఫోను. యంత్రాన్ని ఇంటికి తెచ్చి మంచం కింద పెట్టాడు. నేను వెళ్ళగలిగింది 2023 సంక్రాంతికి. అప్పటికి రెండు వారాలపైన దానికి కరెంటు లేదు. తగిలించి మీట నొక్కితే ఆ లాగిన్ తెర కూడా రాలేదు; విండోస్ బొమ్మ మొహం చూపించి, క్షణంపాటు నీలిరంగు మెరిసి, మళ్ళీ మొదటికి. "తెచ్చేటప్పుడు ఇంతకంటే నయంగా ఉంది. ఆటోలో కుదుపులకు ఏమన్నా అయిందేమో" అంది పిన్ని.

ముందు ఎస్‌ఎస్‌డీని బయటికి తీశాను. పాతది పోయాక ప్రపంచంలో ఆ పాటలకు మిగిలిన ప్రతి అదొక్కటే. దాని మీద ప్రయోగాలు చేయకూడదు. నా లినక్సు ల్యాప్‌టాప్‌కు తగిలించి, మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా ఒక పెద్ద దస్త్రంగా బయటి డిస్కులోకి దింపుకున్నాను. ఈ పనికి డీడీరెస్క్యూ మేలు. డిస్కులో చదవరాని చోటు తగిలితే అక్కడే కొట్టుకోకుండా ముందుకు సాగి, మిగిలినది భద్రం చేశాక వెనక్కి వచ్చి మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఎక్కడెక్కడ ఆగిందో పటం గీసి పెట్టుకుంటుంది. ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యంగా ఉంది కనుక ఆ పటంతో అవసరం పడలేదు. పిన్ని బొబ్బట్లు చేసేలోపు నకలు పూర్తయింది. దస్త్రాలు కనబడుతున్నాయి, పాటల ఫోల్డరు ఉంది. తెరిస్తే పిచ్చిగీతలు. అక్షరాలు దక్కాయి, చదువు దక్కలేదు. ఆ ఎక్స్‌పీ ఆ డాంగిల్‌తో లేచి నిలబడితే తప్ప.

ఇక్కడ కాస్త ఆగి, మీట నొక్కినప్పటి నుంచి లోపల జరిగే తంతు చెప్పాలి. వెనుకటి రోజుల్లో దొరగారు పర్యటనకు వస్తే, ఒక ఊరివాళ్ళు ఆయన సామాను తమ పొలిమేర దాకా మోసి పక్క ఊరివాళ్ళకు అప్పగించి వెనుదిరిగేవారట. మొత్తం దారి ఎవరికీ తెలియదు, తెలియనక్కరలేదు. తరువాతి ఊరు తెలిస్తే చాలు. కంప్యూటరు మేలుకోవడం అచ్చంగా అటువంటిదే. కరెంటు రాగానే బోర్డు మీది బయాస్ లేచి, జ్ఞాపకశక్తినీ కీబోర్డునూ తడిమి చూసుకుని, తన జాబితాలో ముందున్న డిస్కు దగ్గరికి వెళ్ళి మొదటి 512 బైట్లు మాత్రం చదువుతుంది. దానికి డిస్కు గురించి తెలిసినది అంతే. ఆ 512లో మొదటి 440 బైట్లు చిన్న ప్రోగ్రాము, తరువాతి 4 ఆ డిస్కు ముద్ర, మరో 2 విడిచిపెట్టి, 64 బైట్లలో డిస్కు ఎన్ని భాగాలుగా పంచబడిందో చెప్పే పట్టిక, చివరి 2 బైట్లు దస్తూరీ. ఆ చిన్న ప్రోగ్రాము పట్టికలో 'ఇది మొదలుపెట్టదగినది' అని గుర్తున్న భాగాన్ని వెతికి, దాని తొలి సెక్టారుకు అప్పగిస్తుంది. అది ఎన్‌టీఎల్‌డీఆర్ అనే దస్త్రానికి, అది బూట్.ఐఎన్‌ఐ చదివి విండోస్ కెర్నెలుకు, కెర్నెలు డ్రైవర్లను నిద్రలేపి లాగిన్ తెరకు.

సామాను ఏ పొలిమేర దగ్గర ఆగిందో తెర మీది వాక్యమే చెబుతుంది. మనం దాన్ని తిట్టులాగా భావించి చదవకుండా మీట నొక్కేస్తాము. 'డిస్క్ బూట్ ఫెయిల్యూర్' అంటే బయాస్‌కు పనికొచ్చే డిస్కు దొరకలేదు: తీగలు, పోర్టులు, జాబితా వరుస చూసుకోవాలి. 'మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టమ్' అంటే మొదటి సెక్టారు దొరికింది కానీ అది చూపిన చోట ఏమీ లేదు. 'ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్' అంటే ఇంకో ఊరు దాటింది. 'హాల్ డీఎల్ఎల్ లేదు' అని ఏడిస్తే చాలాసార్లు ఆ దస్త్రం భేషుగ్గా ఉంటుంది, బూట్.ఐఎన్‌ఐలో భాగం సంఖ్య తప్పి ఉంటుంది. ఇవేవీ ఫార్మాటు కోరేవి కావు.

(కొత్త యంత్రాలలో బయాస్ స్థానంలో యూఈఎఫ్‌ఐ వచ్చింది. అది మొదటి సెక్టారు బదులు, డిస్కులో ఫ్యాట్32 పద్ధతిలో ఉండే ఒక బుల్లి భాగంలోని దస్త్రాన్ని వెతుకుతుంది. ఆ భాగం మామూలుగా కంటికి కనబడదు గనుక, చాలామంది సీ డ్రైవును మాత్రం కొత్త డిస్కులోకి నకలు తీసి, యంత్రం లేవలేదని లబోదిబోమంటారు. ఆ భాగాన్ని తయారుచేసి, మరమ్మతు తెరలోని ఆదేశాల కిటికీలో 'బీసీడీబూట్' అన్న ఆదేశమిస్తే విండోస్ తన చిరునామా తానే తిరిగి రాసుకుంటుంది. లినక్సువారికి ఇదే రోగం ఇంకో రూపంలో వస్తుంది: 'ఎఫ్‌స్టాబ్' దస్త్రంలో పాత డిస్కు భాగాల గుర్తింపు సంఖ్యలు ఉండిపోవడం.)

బాబాయి యంత్రానికి వద్దాము. ఆటో కుదుపులు కారణం కాదని నాకు మొదటి తెరలోనే తెలిసింది. నల్లటి తెర మీద సీమాస్ లెక్క తప్పిందని, తొలి అమరికలు ఎక్కించానని ఒక పంక్తి. కొనసాగడానికి ఎఫ్1 నొక్కమని ఇంకో పంక్తి. పిన్ని, బాబాయి ఆ ఎఫ్1 నొక్కుతూనే ఉన్నారు, పంక్తి చదివినవారు లేరు. తేదీ చూస్తే యంత్రం పుట్టిన ఏటికి వెళ్ళిపోయి ఉంది. బోర్డు మీద రూపాయి బిళ్ళలా ఉండే సీఆర్2032 బ్యాటరీ చచ్చిపోయింది. రోజూ కరెంటు అందినన్నాళ్ళు ఆ లోటు తెలియలేదు. మంచం కింద రెండు వారాలు పడుకునేసరికి బయాస్ తనకు చెప్పినవన్నీ మరచిపోయింది. గడియారాల కొట్టులో ముప్ఫై రూపాయలకు కొత్త బిళ్ళ దొరికింది.

బిళ్ళ మార్చినా నీలితెర పోలేదు. మెరిసి మాయమయ్యే తెరను చదవాలంటే, విండోస్ మొదలయ్యే ముందు ఎఫ్8 నొక్కి, తప్పు జరిగితే తనంతట తాను తిరిగి మొదలుకావద్దని చెప్పే పంక్తిని ఎంచుకోవాలి. అప్పుడు తెర నిలబడింది. స్టాప్ అన్న మాట తరువాత బోలెడన్ని సున్నాలు, చివర 7బి. ప్రపంచం నలుమూలలా కోట్లాదిమంది తిట్టుకున్న అంకె. దాని అర్థం ఇంతే: కెర్నెలు లేచింది, కానీ తాను లేచిన డిస్కునే చూడలేకపోతోంది. సాటా డిస్కులతో బోర్డు మాట్లాడే తీరులు రెండు. పాత ఐడీఈ డిస్కులా నటించడం ఒకటి, ఏహెచ్‌సీఐ అనే అసలు భాష ఒకటి. ఎక్స్‌పీకి పుట్టుకతో ఏహెచ్‌సీఐ రాదు. (విండోస్ ఎక్కించేటప్పుడు ఎఫ్6 నొక్కి ఫ్లాపీలో డ్రైవరు అందించే రోజులు తలచుకుంటే నాకిప్పటికీ చేతులు వణుకుతాయి.) 2008లో యంత్రం కూర్చినవాడెవరో తెలివిగా దాన్ని ఐడీఈ తీరుకు మార్చి పెట్టాడు. బ్యాటరీ చచ్చినప్పుడు ఆ అమరిక పోయి, బోర్డు తన తొలి తీరైన ఏహెచ్‌సీఐకి వెళ్ళిపోయింది. తిరిగి ఐడీఈ అన్నాను. లాగిన్ తెర వచ్చింది. పేరు నొక్కగానే బయటికి నెట్టేసింది. అంటే దుకాణంవారు చూసిన రోగం దగ్గరికి ఇప్పటికి చేరుకున్నామన్నమాట. ఒకదానిమీద ఒకటి పేరుకున్న రెండు జబ్బులలో పైది మాత్రమే పోయింది.

ఈ రెండోది నాకు మహా ఇష్టమైనది. ప్రతి డిస్కుకూ 4 బైట్ల ముద్ర ఉంటుందన్నాను కదా. ఎక్స్‌పీ తన రిజిస్ట్రీలో 'మౌంటెడ్ డివైసెస్' అన్నచోట ఒక చిట్టా రాసుకుంటుంది: ఫలానా ముద్ర గల డిస్కులో ఫలానా చోట మొదలయ్యే భాగం సీ, ఇంకొకటి డీ, ఇలాగ. నకలు తీసిన కొత్త డిస్కుకు పాతదాని ముద్రే ఉంటుంది. రెండూ ఒకేసారి కనబడితే ఒకే ముద్రతో ఇద్దరుండడం కుదరదు గనుక ఎక్స్‌పీ ఒకదాని ముద్ర మార్చేస్తుంది. దుకాణంలో జరిగింది అదే. కొత్తదాని నుంచి లేచిన విండోస్, సీ అన్న పేరు పాత డిస్కుకే ఉంచి, తనకు తాను ఎఫ్ అని పేరు పెట్టుకుంది. ఆ పూట అంతా బాగా నడవడానికి కారణం, సీ అని ఎవరు అడిగినా పాత డిస్కు పక్కనే ఉండి అందించడం. కొత్త ఇంట్లో కాపురం పెట్టి పాత ఇంటి వంటింట్లో వండుకున్నట్టు. పాతది ఊడదీయగానే పొయ్యి లేదు. కెర్నెలు బూట్.ఐఎన్‌ఐలోని డిస్కు సంఖ్య, భాగం సంఖ్య చూసుకుని వస్తుంది కాబట్టి లాగిన్ తెర దాకా ఇబ్బంది లేదు. ఆ తరువాత నడవవలసిన 'యూజర్‌ఇనిట్' చిరునామా మాత్రం సీ అన్న అక్షరంతో రాసి ఉంటుంది. సీ లేదు. ప్రోగ్రాము దొరకలేదు. దయచేయమంది.

ఊహ సరైనదో కాదో చూడకుండా చేయి చేసుకోకూడదు. ఎస్‌ఎస్‌డీని మళ్ళీ లినక్సుకు తగిలించి, రిజిస్ట్రీ దస్త్రాన్ని చదవడానికి మాత్రమే తెరిచాను. సీ కింద ఒక ముద్ర. ఎఫ్ కింద ఇంకొక ముద్ర. రెండింటి వెనుకా 00 7ఈ అని ఒకే స్థానం - అది తిరగేసి చదివితే 32,256. 512తో భాగిస్తే 63. ఎక్స్‌పీ నాటి డిస్కులలో మొదటి భాగం మొదలయ్యే సెక్టారు. ఎస్‌ఎస్‌డీ మీద ఉన్న ముద్ర ఎఫ్ కింద ఉన్నదే. ఇక సందేహం లేదు.

మందు నాలుగు సున్నాలు. మొదటి 512 బైట్లను ముందుగా వేరే దస్త్రంలో దాచి, 440వ స్థానం నుంచి సరిగ్గా 4 బైట్లు సున్నా చేశాను. ఆదేశం రాసి, మీట నొక్కేముందు మూడుసార్లు చదువుకున్నాను. ఆరు బైట్ల అవతల డిస్కు పంపకాల పట్టిక మొదలవుతుంది. ముద్ర లేని డిస్కును చూసి ఎక్స్‌పీ కొత్త ముద్ర వేసుకుంటుంది, ఎఫ్ అన్న పాత రాత దానికి వర్తించదు, తాను లేచిన భాగానికి మళ్ళీ సీ అని పేరు పెట్టుకుంటుంది. అలాగే జరిగింది. పసుపుపచ్చ కొండల వాల్‌పేపరు బాబాయి మార్చుకున్నది, దాని మీద పాతికేళ్ళ వ్యాపారం తాలూకు ఫోల్డర్లు, ఒక్కటీ చెదరకుండా. పేజ్‌మేకర్ తెరుచుకుంది. డాంగిల్ పలికింది. మొదటి పాట 'నలుగు' శీర్షిక కింద, ఆయన ఆనాడు ఎంచుకున్న గుండ్రటి ఫాంటులో. బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "రెండో పేజీకి పోనీ" అన్నాడు.

ఆ పండుగ మూడు రోజులలో పాటలన్నీ పేజీల బొమ్మలుగా ఒక ప్రతి, పాఠంగా ఒక ప్రతి బయటికి తీశాము. యూనికోడులోకి మార్చడానికి ముక్కల పట్టిక నేనే కట్టాను. అది అనుకున్నంత తేలిక కాదు. ఆ ఫాంటులో 'మ' అన్నది ఒక అక్షరం కాదు, 'వ'కు తోక తగిలించిన రెండు ముక్కలు. క్రావడి అక్షరానికి ముందు వస్తుంది, యూనికోడులో వెనుక రావాలి. మొదటి మార్పిడిలో మామిడి తోరణాలన్నీ వావిడి తోరణాలయ్యాయి.

ప్రూఫులు పిన్ని చూస్తోంది. ఇరవై ముప్ఫై పాటలకోసారి ఫోను వస్తుంది. తోక తెగిన అక్షరాల సంగతి సరే, అప్పగింతల పాటలో ఒక చరణం దగ్గర ఇద్దరికీ పేచీ పడింది. "అత్తయ్యగారు అలా పాడేవారు కాదు, ఆయనే తప్పు టైపు చేశారు" అంటుంది పిన్ని. "అమ్మ పక్కన కూర్చుని పాడితే కొట్టాను, తప్పెలా అవుతుంది?" అంటాడు బాబాయి. ప్రస్తుతానికి ఆ చరణం దగ్గర రెండు పాఠాలూ ఉంచాము.